నాలుగింటి నీళ్లు

మా వంటింట్లో బియ్యం డ్రమ్ము వెనకాల చీకట్లో మూడు గాజు సీసాలుంటాయి. ఒక్కోటీ 300 మిల్లీలీటర్లు పడుతుంది. గట్టి గాజు బిరడా, అడుగున గోధుమరంగు మడ్డి. మొన్న మావారు డ్రమ్ము జరిపి చూసి, "ఇంత డికాక్షన్ తీశావేంటి, ఎవరైనా వస్తున్నారా?" అన్నారు. అది కాఫీ కాదు, తెల్లవారుజామున పున్నమి ఘాట్ మెట్ల దగ్గర ముంచుకొచ్చిన కృష్ణ నీళ్లు, అందులో మందులు కలిపాను అని చెప్పేసరికి చెయ్యి వెనక్కి లాక్కున్నారు. అప్పటినుంచి సీసాల మెడకి ఎర్ర రిబ్బను కడుతున్నాను. మనవరాలు వచ్చినప్పుడు మాత్రం బీరువాలో పెట్టి తాళం వేస్తాను.

ఇరవై తొమ్మిదేళ్లు విజయవాడలో డిగ్రీ పిల్లలకి జువాలజీ చెప్పి రిటైరయ్యాను. తోటివాళ్లు తీర్థయాత్రలకి వెళ్తుంటే నువ్వు ఈ సీసాలు మోయడమేంటని మా వదినకి పెద్ద అనుమానం. ఆ కథే ఇది.

ముందు ఆ గోధుమరంగు సంగతి చెప్పాలి. నీళ్లలో కరిగిన ఆక్సిజన్ ఎంతుందో కొలిచే పద్ధతిని 1888లో లాయోష్ వింక్లర్ అనే హంగేరీ ఆయన కనిపెట్టాడు. ఇప్పటికీ దాన్ని కొట్టింది లేదు. సీసాని ఒక్క బుడగ కూడా మిగలకుండా నింపాలి. అందులో ఒక మిల్లీలీటరు మాంగనీస్ సల్ఫేట్, ఒక మిల్లీలీటరు ఆల్కలీ అయొడైడ్ వేసి బిరడా పెట్టి తలకిందులు చేస్తే, ఆక్సిజన్ ఉన్న నీళ్లలో గోధుమరంగు తునకలు లేచి మెల్లగా కిందికి దిగుతాయి. అక్కడికి ఆక్సిజన్ పట్టుబడినట్టే. చీకట్లో ఉంచితే తీరిగ్గా ఇంటికొచ్చి లెక్క చూసుకోవచ్చు. ఆసిడ్ వేస్తే మడ్డంతా కరిగి తేనెరంగుకి వస్తుంది. అందులోంచి 200 మిల్లీలీటర్లు తీసుకుని, బ్యూరెట్‌లోంచి థయోసల్ఫేట్ చుక్కచుక్కగా వదులుతూ మధ్యలో కాస్త గంజి కలిపితే సిరా నీలం అవుతుంది. ఇంకో రెండు మూడు చుక్కలు పడగానే ఆ నీలం టక్కున మాయమై మంచినీళ్లలా అయిపోతుంది. ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో లీటరుకి అన్ని మిల్లీగ్రాముల ఆక్సిజన్. వేలసార్లు చేశాను. ఆ చివరి చుక్క దగ్గర ఇప్పటికీ ఊపిరి బిగబడుతుంది.

నీళ్లలో ఆక్సిజన్ అస్సలు లేకపోతే మడ్డి గోధుమరంగుకి రాదు. విరిగిన పాలలా తెల్లగా ఉండిపోతుంది. తెల్ల సీసా నేను రెండుసార్లే చూశాను.

మొదటిది మా తమ్ముడి చెరువులో.

వాడికి కైకలూరు వైపు ఐదెకరాల చేపల చెరువుంది. బొచ్చె, శీలావతి వేస్తాడు. ఒక ఆగస్టులో రెండు రోజులు ఎండ లేకుండా ముసురు పట్టి, మూడో రాత్రి చల్లటి వాన కొట్టింది. తెల్లారి ఐదింటికి ఫోన్. "అక్కా, చెరువు పోయింది" అన్నాడు. ఇంకేం అనలేదు. గుడివాడ మీదుగా బస్సులో నేను వెళ్లేసరికి తొమ్మిది దాటింది. గట్టు మీద కుప్పలుగా పోసి ఉన్నాయి. ఒక్కొక్కటి కిలోన్నర, తెల్ల పొట్టలు పైకి. కూలీలు వల లాగుతున్నారు, కొల్లేటి నుంచి వచ్చిన గూడబాతులు అవతలి గట్టున పెళ్లి భోజనానికి కూర్చున్నట్టు బారులు తీరాయి. కుళ్లిన కోడిగుడ్ల వాసన. కొనడానికొచ్చిన ఆసామి చేపని బొటనవేలితో నొక్కి చూసి ధర చెప్పకుండా తల అడ్డంగా ఊపాడు. మా తమ్ముడు వాడితో బేరం కూడా ఆడలేదు.

ఎవరో మందు కలిపారని ఊళ్లో పుకారు. పాత కక్షలున్నాయి కదా, ఎవరి పేరు వాళ్లకి దొరికింది. నాకు మాత్రం గట్టు మీద నిలబడ్డంతసేపూ సిగ్గేసింది. ఎందుకంటే ఈ జరిగినదాని గురించే ఇరవై తొమ్మిదేళ్లు పాఠం చెప్పాను, తప్పుగా.

తప్పు అంటే పుస్తకంలో ఉన్నది తప్పు కాదు. సరస్సులో నీళ్లు పొరలుగా విడిపోతాయి, పైన వెచ్చటి ఎపిలిమ్నియాన్, అడుగున చల్లటి హైపోలిమ్నియాన్, మధ్యలో వేడి గబుక్కున పడిపోయే థర్మోక్లైన్. శరదృతువులో పైపొర చల్లబడి బరువెక్కి కిందికి దిగితే సరస్సంతా కలిసిపోతుంది, దాన్నే సరస్సు తిరగడం అంటాం. చలికాలంలో గడ్డకడుతుంది. వసంతంలో మంచు కరిగి మళ్లీ కలుస్తుంది. ఎనిమిది మార్కుల ప్రశ్న, బొమ్మ గీస్తే దాదాపు అన్నీ వచ్చేస్తాయి. మంచు ముఖం ఎరగని పిల్లలు మంచు కింద నాలుగు డిగ్రీల నీళ్లని నీలం పెన్సిల్‌తో ఎంత అందంగా దిద్దేవారో! ఒకసారి గన్నవరం నుంచి వచ్చే అమ్మాయి లేచి, "మేడమ్, మరి మన చెరువులెప్పుడు తిరుగుతాయి?" అని అడిగింది. "ఇది చలిదేశాలకి సంబంధించినది, పరీక్షకి ఇంతవరకు చాలు, కూర్చో" అన్నాను. ఆ అమ్మాయి కూర్చుంది. ఇప్పుడెక్కడుందో తెలియదు, తెలిస్తే ఫోన్ చేసి జవాబు చెప్పేదాన్ని.

జవాబు: మన చెరువులు రోజూ తిరుగుతాయి. రాత్రిపూట.

ఆ సంగతి నేను చూసింది మరుసటేడు. మే నెలలో తమ్ముడి ఇంట్లో పది రోజులు మకాం పెట్టాను. లోతు నీళ్లు తీయడానికి నా దగ్గరున్నది పాత సాధనమే. సీసా అడుగున రాయి కట్టి, రబ్బరు బిరడాకి వేరే తాడు కట్టి కిందికి దించాలి. కావలసిన లోతుకి వెళ్లాక బిరడా తాడు ఒక్క లాగు లాగితే గుడగుడమని నిండుతుంది. (బుడగలు పోతాయి కాబట్టి ఆక్సిజన్ లెక్క కాస్త అటూ ఇటూ అవుతుంది. నాకు అంతకంటే ఖరీదైనది లేదు.) మా మేనల్లుడు పడవ పట్టాడు. మధ్యాహ్నం మూడింటికి పైన 34 డిగ్రీలు, ఒకటిన్నర మీటర్ల లోతున ముప్ఫైన్నర. ఆక్సిజన్ పైన 13 దాటింది. అడుగు సీసాలో మందు వేసి తలకిందులు చేశాను. తెల్లటి విరుగుడు. గట్టు మీద అరిటాకు పరిచి అన్నం తింటున్న మా తమ్ముడికి తీసుకెళ్లి చూపించాను.

"ఏంటక్కా ఇది, పాలు విరిగినట్టు?"

"నీ చెరువు అడుగున ఊపిరి లేదురా."

"పైన చేపలు ఎగురుతున్నాయిగా!"

అదే మాట. పైన ఎగురుతాయి. మళ్లీ తెల్లవారుజామున నాలుగింటికి టార్చిలైటు వేసుకుని పడవెక్కాం. పైనా కిందా ఒకటే వేడి, ఇరవై తొమ్మిదిన్నర. ఆక్సిజన్ కూడా పైనా కిందా ఒకటే, రెండు లోపు. పుస్తకంలో చలిదేశపు సరస్సు ఏడాదికి రెండుసార్లు చేసే పని ఈ ఐదెకరాల చెరువు పన్నెండు గంటల్లో చేసేసింది.

"నాలుగు డిగ్రీల తేడాకేనా అత్తా ఇంత గోల?" అన్నాడు మేనల్లుడు. మంచి ప్రశ్న. వేడి నీళ్ల లెక్కే వేరు. పది డిగ్రీల దగ్గర నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కితే వాటి బరువులో వచ్చే తేడా కంటే, ముప్ఫై దగ్గర ఒక డిగ్రీ వేడెక్కితే వచ్చే తేడా మూడు రెట్లు. అందుకే మన దగ్గర పగలు నాలుగు డిగ్రీల తేడా చాలు, పైనీళ్లు నూనెలా తేలి అడుగుకి మూత పెట్టేస్తాయి. రాత్రి చల్లబడగానే ఆ మూత ఊడుతుంది. దానికి తోడు వేడి నీళ్లలో ఆక్సిజన్ అసలే తక్కువ పడుతుంది. గడ్డకట్టే చలిలో లీటరుకి 14 మిల్లీగ్రాములకి పైన పడితే, ముప్ఫై డిగ్రీల దగ్గర ఏడున్నర. చలిదేశపు చేప నిండు జీతంతో నెల మొదలుపెడితే మన చేప సగం జీతంతో మొదలుపెడుతుంది.

మరి మధ్యాహ్నం 13 ఎలా వచ్చింది? పచ్చటి నాచు చలవ. ఎండ ఉన్నంతసేపూ ఆక్సిజన్ తయారుచేసి, నీళ్లు పట్టలేనంత పోస్తుంది. పొద్దుగూకాక అదే నాచు, కింద బురదలోని బాక్టీరియా, చేపలు అందరూ కలిసి పీల్చుకుంటారు. తవుడు సంచులకి చిల్లులు పెట్టి కర్రలకి వేలాడదీస్తారు కదా, చేపలు తినగా మిగిలింది, వాటి పెంట అడుగున చేరి రాత్రంతా ఊపిరి అడుగుతూనే ఉంటుంది. ఆ ఆగస్టులో రెండు రోజులు మబ్బు పట్టి పగటి సంపాదన పడిపోయింది. మూడో రాత్రి చల్లటి వాన నీళ్లు బరువుగా అడుగుకి దిగి, అక్కడి ఊపిరి లేని నీళ్లని, గంధకపు కంపుని పైకి తోశాయి. మందు ఎవరూ కలపలేదు. ఈ మాట ఊళ్లో చెప్పాను. సగం మంది నమ్మారు.

మా తమ్ముడు మాత్రం కొలతల మీద అంత నమ్మకమున్న మనిషి కాదు. పొద్దున్నే గట్టు దిగి మోచేతి దాకా చెయ్యి ముంచుతాడు. అరచెయ్యి మోచేతి లోతులో మాయమైతే నీళ్లు బాగున్నట్టు, మణికట్టు దగ్గరే మాయమైతే నాచు ఎక్కువైనట్టు. నేను నవ్వబోయి ఆగాను. అచ్చం అదే పని చేయడానికి 1865లో ఆంజెలో సెక్కీ అనే ఇటలీ పాదిరీ పోపు గారి ఓడలోంచి మధ్యధరా సముద్రంలోకి తెల్ల పళ్లెం దించాడు. మేం వాడేది ఇరవై సెంటీమీటర్ల నలుపు తెలుపు పళ్లెం. నాది ఇంట్లో టిఫిన్ ప్లేటు, ఎనామిల్ రంగు వేసింది. మా ఇంట్లో దాని జత ప్లేటు ఒంటరిగా మిగిలిపోయిందని మావారి ఫిర్యాదు. చెయ్యి ముంచిన తర్వాత ఆ చెయ్యి వాసన చూడడం మా తమ్ముడి రెండో పరీక్ష. దానికి ప్లేటు లేదు.

ఇక్కడ ఇంకో మాయ ఉంది, ఎండ మాయ. నాచు పగలు కార్బన్ డయాక్సైడుని లాగేస్తుంటే నీళ్ల పీహెచ్, అంటే ఆమ్లమో క్షారమో చెప్పే అంకె, ఎక్కుతుంది. తమ్ముడి చెరువులో పొద్దున ఏడున్నర, మూడింటికి తొమ్మిది. చేపల పెంటలోంచి వచ్చే అమ్మోనియా పీహెచ్ ఏడు దగ్గర ఉంటే విషపు రూపంలో వందలో ఒక వంతు కూడా ఉండదు. తొమ్మిదికి ఎక్కితే, మన వేడిలో, దాదాపు సగం విషమే. అంటే పగలు ఆక్సిజన్ నిండుగా ఉన్నప్పుడు అమ్మోనియా భయం, రాత్రి అమ్మోనియా దిగాక ఆక్సిజన్ భయం. చెరువు రైతుకి బీపీ ఊరికే రాదు.

రెండో తెల్ల సీసా విజయవాడలోనే దొరికింది. బుడమేరు వంతెన దగ్గర గుర్రపు డెక్క కింద. నీళ్లు కనపడవు, పచ్చటి పట్టు పరుపు. ఆకు కాడని విరిస్తే లోపల గాలి గదులు, స్పాంజిలా. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ మొక్క అనువైన చోట రెండు వారాల్లో రెట్టింపవుతుంది. కర్రతో పక్కకి జరిపి సీసా దించాను. మిట్టమధ్యాహ్నం పన్నెండు, నెత్తి మీద ఎండ, సీసాలో తెల్ల విరుగుడు. చెరువులో కనీసం పగటిపూట నాచు కష్టపడుతుంది. ఇక్కడ ఆకులు ఎండని నీళ్లలోకి దిగనివ్వవు, గాలిని తాకనివ్వవు. ఆకులు తయారుచేసే ఆక్సిజన్ గాల్లోకి పోతుంది, వేళ్లు కుళ్లితే బరువంతా నీళ్ల మీద. పగలూ రాత్రీ తేడా లేదు, ఎప్పుడూ తెల్లవారుజాము నాలుగే.

ఈ బుడమేరు వెళ్లి కలిసేది కొల్లేట్లో. కొల్లేరు 308 చదరపు కిలోమీటర్ల మేర 1999లో అభయారణ్యం అయింది, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది, 2006లో లోపలి చెరువుల గట్లు తెగ్గొట్టారు. మా బంధువుల్లోనే ఆ రోజుల గురించి రెండు పార్టీలు. పండక్కి అందరూ కలిస్తే ఆ టాపిక్ ఎత్తం. నాకు పట్టింది దాని లోతు. అంత విశాలమైన నీళ్లలో చాలా చోట్ల మనిషి నిలబడొచ్చు. లోతు లేని సరస్సుకి గాలే డాక్టరు. మధ్యాహ్నం గాలి వీస్తే పొరలు కట్టనివ్వకుండా కలిపేస్తుంది. అందుకే డెక్క కమ్మిన చోటికి, తేటగా గాలాడే చోటికి ఫర్లాంగు దూరమైనా ఉండదు, ఆక్సిజన్‌లో మాత్రం పొంతనుండదు. నాగార్జునసాగర్ లాంటి లోతైన జలాశయం సంగతి పూర్తిగా వేరు. గాలి అడుగుదాకా దిగలేదు. ఉష్ణమండలంలో అంత లోతైనవి మామూలుగా వేసవంతా పొరలుగా ఉండి చలికాలంలో ఒక్కసారి కలుస్తాయి.

కృష్ణ దగ్గరికొస్తాను. 1957లో కట్టిన ప్రకాశం బ్యారేజి వెనకాల నిలిచేది మూడు టీఎంసీలే. సాగర్ ముందు అది తొట్టి. అయినా ఊరి దాహానికీ డెల్టాకీ అదే ఆధారం, అందుకే నేను తెల్లారకముందే అక్కడికి పోతాను. నది నీళ్లు తాగునీటికి తీసుకోవాలంటే, మామూలుగా శుద్ధి చేసే పక్షంలో, ఆక్సిజన్ లీటరుకి 4 మిల్లీగ్రాములు తగ్గకూడదని మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వర్గీకరణ. స్నానానికైతే 5. మంచి కొలతే. నాకున్న పేచీ ఒక్కటే. ఆమధ్య ఒక పట్టిక చేతికొచ్చింది, నీళ్ల నాణ్యతది. తేదీ ఉంది, చోటు ఉంది, అంకెలు దశాంశంతో సహా ఉన్నాయి. గంట లేదు. ఆఫీసులు తెరిచాక, జీపు బయల్దేరాక తీసినవే అయ్యుంటాయి. పదకొండింటికి మా తమ్ముడి చెరువు కూడా ఫస్ట్ క్లాసులో పాసవుతుంది.

మన పద్ధతులు వేడి దేశాన్ని పట్టించుకోలేదని అనను. మురుగు ఎంత ఆక్సిజన్ తింటుందో చూసే బీఓడీ పరీక్ష బ్రిటన్‌లో ఐదు రోజులది. నదిలో పడ్డ నీళ్లు అక్కడ సముద్రం చేరడానికి అంతకంటే పట్టదన్న లెక్క మీద పుట్టింది. దాన్ని 20 డిగ్రీల దగ్గర చేస్తారు. మన దేశంలో 27 డిగ్రీల దగ్గర మూడు రోజులకి మార్చుకున్నాం. మహాబలేశ్వరం నుంచి హంసలదీవి దాకా 1400 కిలోమీటర్లు, అన్ని ఆనకట్టలు దాటి కృష్ణమ్మ ఐదు రోజుల్లో ఎక్కడొస్తుంది! సీసాని పెట్టే వేడి మార్చుకున్నవాళ్లం, సీసా నింపే వేళ కూడా రాసుకుంటే పోయేదేముంది?

పున్నమి ఘాట్ అంకెలు చెప్పమంటే, ఇప్పటిదాకా నాలుగింటి సీసాలన్నీ గోధుమరంగువే. వేసవిలో పైనుంచి నీళ్లు రాక ప్రవాహం ఆగినప్పుడు ఐదు చుట్టూ ఆడింది, వర్షాకాలంలో ఏడు దాకా. 2024 సెప్టెంబరులో బ్యారేజి దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు పోయినప్పుడు మెట్లే కనపడలేదు. సింగ్‌నగర్‌లో మా కొలీగ్ ఇంట్లో బుడమేరు నీళ్లు రోజుల తరబడి నిలిచాయి. అప్పుడు ఎవరికీ ఆక్సిజన్ లెక్కలు పట్టలేదు, నాకూ పట్టలేదు. వరద తీశాక ప్లేటు దించితే జానెడు లోతులో మాయమైంది, అంతా ఒండ్రు.

తమ్ముడి చెరువు మీద ఇప్పుడు నీళ్లు చిలికి గాలి కలిపే యంత్రాలు, ఏరియేటర్లు, రెండున్నాయి. మేనల్లుడు ఆక్సిజన్ మీటర్ కొన్నాడు. వింక్లర్‌తో సరిచూస్తే అర మిల్లీగ్రాము ఎక్కువ చూపిస్తోంది, ఆ సంగతి అట్ట మీద రాయించాను. రోజూ రాత్రి పదింటికి, తెల్లవారుజాము నాలుగింటికి కొలిచి నోట్సులో రాస్తాడు. మొన్న వెళ్లినప్పుడు తిరగేశాను. దస్తూరి ఘోరం, అంకెలు మాత్రం నిజాయితీగా ఉన్నాయి. ఒక వారంలో వరసగా మూడు రాత్రులు ఖాళీ. మబ్బు పట్టిన రోజులవి.

"ఏమైందిరా?"

"పిన్ని కూతురి పెళ్లికి భీమవరం వెళ్లాం కదా అత్తా, మీటరు నా బ్యాగులోనే ఉండిపోయింది."

"మరి చెరువు?"

"నాన్న వెళ్లలేదుగా. మూడు రాత్రులూ రెండింటికే లేచి ఏరియేటర్లు వేశాడంట."

మీటరు లేకుండా రెండింటికే ఎలా తెలిసిందని తమ్ముణ్ని అడిగాను. వాడు చెయ్యి వాసన చూపించాడు.